అమ్మమ్మ విప్పి కుట్టిన టోపీ

అమ్మమ్మ దర్జీ. వట్టి దర్జీ అంటే ఒప్పుకోదు, కోట్లు కుట్టే దర్జీ అనాలి. చొక్కాలు ఎవరైనా కుడతారట, కోటుకి భుజం కూర్చోబెట్టడం వచ్చినవాళ్ళే దర్జీలట. ఆవిడ కొట్టు వీధి కంటే మూడు మెట్లు కిందికి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ మోకాళ్ళ కింది భాగమే కనిపిస్తుంది. అందుకని ఊళ్ళో సగంమందిని అమ్మమ్మ బూట్లని బట్టే గుర్తుపట్టేది. "మడమ అరిగిన నల్లబూట్లు వస్తున్నాయి, ప్యాంటు పొడవు తగ్గించమంటాడు చూడు," అనేది. ఆ బూట్లు మెట్లు దిగివచ్చి సరిగ్గా అదే అడిగేవి.

పదమూడో ఏట పిన్ని దగ్గర గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి యాభై రెండేళ్ళు అదే పని చేసింది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాగే మగవాళ్ళంటే ఆవిడకి పండగే. "వదలండి బాబూ. ఇప్పుడంటే మీరు లాగుతున్నారు, రేపు కోటు తొడుక్కున్నాక రోజంతా ఎవరు లాగుతారు?" అనేది. టేపు చుట్టినప్పుడు దాని కింద తన వేలొకటి పెట్టి కొలిచేది. ఆ ఒక్క వేలు వదులు మనిషి ఊపిరి పీల్చుకోవడానికి. తిట్లు ఎన్ని తిట్టినా వేలు మాత్రం ఎవరికీ తగ్గించలేదు.

కొట్లో ఒక అయస్కాంతం ఉండేది, గుర్రపు లాడం ఆకారంలో, పొడుగాటి దారం కట్టి. సాయంత్రం తలుపు మూసేముందు అమ్మమ్మ దాన్ని, కుక్కని షికారు తిప్పినట్టు, నేలంతా తిప్పేది. బల్లల కింద, మిషను పెడలు కింద రాలిన గుండుసూదులన్నీ దాని మూతికి అంటుకుని వచ్చేవి. అయస్కాంతం గురించి ఆవిడకి తెలిసిన శాస్త్రం మొత్తం అంతే.

అలాంటి మనిషికి ముందు నోరు పడిపోయింది.

ఎవరూ పోలేదు, ఇల్లు కాలలేదు, పిల్లలు తగువులాడుకోలేదు. ఏదో ఒకటి జరిగుంటే చెప్పుకోవడానికైనా ఉండేది. ఊరికే, ఒక చలికాలం మొదట్లో, ఆవిడ ఎవర్నీ ఏమీ అనడం మానేసింది. కొలతలిచ్చేవాళ్ళు సంతోషించారు కూడా, పెద్దావిడ మెత్తబడిందని. తర్వాత ఒకరోజు పోస్టుమాన్ కోటుకి ఒక చెయ్యి అతికి, రెండో చెయ్యి బల్లమీద వదిలేసి, ఇంటికొచ్చి పడుకుంది. "రేపు కుడతాను," అంది. మూడేళ్ళు గడిచినా ఆ రేపు రాలేదు. కోటు కొట్లో ఒంటిచేత్తో వేలాడుతూనే ఉంది. పోస్టుమాన్ నెలకోసారి మెట్లు దిగి, "తొందరేం లేదమ్మా," అని మూసిన తలుపుకి చెప్పి వెళ్ళేవాడు.

తాతయ్య రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచిన గొంతు ఆయనది. ఇప్పుడు మంచం పక్కన టీ కప్పు పట్టుకుని నిలబడి, "కాస్త ముందుకి జరగవే," అని బతిమాలేవాడు. జరిగేది కాదు.

"ఏమే, ఇవాళ నన్నొక్కసారి తిట్టు," అనేవాడు.

"ఎందుకండీ."

"ఊరికే. ఏదో ఒకటి. చెప్పులు లోపలికి వేసుకొచ్చాను చూడు."

అమ్మమ్మ చెప్పుల వంక చూసి, గోడవైపు తిరిగేది. తొమ్మిదో తరగతితో బడికి స్వస్తి చెప్పిన మనవరాలు ఒకతి ఉంది, అమ్మమ్మ పెట్టిన పేరు కోతి. ఆ కోతి ఒకసారి కావాలనే చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుని, ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ వేలాడుతుండగా మంచం ముందు అటూ ఇటూ తిరిగింది. ఒకప్పుడైతే చెవి పట్టుకుని అద్దం ముందు నిలబెట్టేది. అమ్మమ్మ ఆ గుండీల్ని చూసింది. చూసి, కళ్ళు మూసుకుంది. కోతి వంటింట్లోకి వెళ్ళి గుండీలు సరిగ్గా పెట్టుకుంది.

ఆ రోజుల్లో లోపల ఎలా ఉండేదో అమ్మమ్మ చాలాకాలం తర్వాత చెప్పింది. బాధగా కూడా ఉండేది కాదట. బాబిన్‌లో దారం అయిపోయినా మిషను తొక్కుతూనే ఉంటే సూది పైకీ కిందికీ ఆడుతుంది, గుడ్డ ముందుకి జరుగుతుంది, కుట్టు మాత్రం పడదు. అలా ఉండేదట.

మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ మూడేళ్ళలో నాలుగు రకాల మాత్రలు మార్చింది. ఒకటి నిద్ర తెచ్చింది, ఒకటి నిద్ర పోగొట్టింది, ఒకటి నోరెండగొట్టింది, నాలుగోది ఏమీ చెయ్యలేదు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించింది కూడా. అదీ పట్టుకోలేదు. చివరికి, "కొందరి దిగులు మందులకి లొంగదండీ," అంది.

"అయితే మా ఆవిడ మొండిదని మీకూ తెలిసిపోయిందన్నమాట," అన్నాడు తాతయ్య.

"మొండిది ఆవిడ కాదు, జబ్బు. ఇంకో దారుంది. తలమీద ఒక తీగచుట్ట ఆనిస్తాం. అందులోంచి అయస్కాంతపు దెబ్బలు చిన్నచిన్నవి పుర్రె దాటి లోపలికి వెళ్తాయి. ఎడమ నుదుటి వెనక మందకొడిగా పడున్న చోటుని తట్టి లేపుతాయి. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు."

"కరెంటు షాకా?" తాతయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

"కాదండీ. మత్తివ్వం. మెలకువగా కుర్చీలో కూర్చుంటారు, అయ్యాక నడిచి వెళ్ళిపోతారు. తలనొప్పి రావచ్చు, మాడు చురుక్కుమంటుంది. ఎక్కడో అరుదుగా ఒకరికి ఫిట్సు వస్తాయి, అందుకే అన్నీ అడిగి చూసుకునే మొదలుపెడతాం."

"తగ్గుతుందా మరి?"

"చాలామందికి తగ్గుతుంది. అందరికీ కాదు. ఈవిడకి తగ్గుతుందని మాటివ్వలేను."

అమ్మమ్మ అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ ఆఖరి మాటకి ఇటు తిరిగింది. ఉతికితే ఈ గుడ్డ కుంచించుకుపోదని మాటివ్వను అని తనూ జీవితమంతా చెప్పింది. "సరే," అంది. ఆశపడి కాదు. వద్దనాలంటే కారణాలు చెప్పాలి, అంత ఓపిక లేక.

ఆ మిషను నడిపే పిల్లకి అమ్మమ్మ మనసులోనే టక్‌టక్ అమ్మాయి అని పేరు పెట్టుకుంది. మొదటిరోజు ఆ పిల్ల, "ఒంటిమీద ఇనుము ఏదున్నా తీసెయ్యాలండీ," అంది. చెవులకున్నవీ జుట్టుకున్నవీ తీశాక, కోటు కాలరు వెనక గుచ్చిన గుండుసూదులు బయటపడ్డాయి. ఏడు. మూడేళ్ళనాటివి, తుప్పు మొదలైంది. "అమ్మమ్మగారూ, మీరు మనిషా, సూదుల డబ్బానా?" అని నవ్వింది పిల్ల. అమ్మమ్మ నవ్వలేదు.

తలకి పల్చటి తెల్లటోపీ ఒకటి తొడిగింది. ముక్కు మొదలు నుంచి తల వెనకదాకా, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా, చుట్టూ, మూడు కొలతలు తీసుకుని టోపీ మీద పెన్నుతో గుర్తులు పెట్టింది. టేపు వెనకవైపు మెలిపడింది. అమ్మమ్మకి తెలిసింది. చెప్పాలంటే నోరు తెరవాలి కదా అని ఊరుకుంది. ఆ పిల్ల తనే చూసుకుని మళ్ళీ కొలిచింది.

తర్వాత డాక్టరమ్మ వచ్చి, ఎనిమిది అంకెలా ఉన్న తీగచుట్టని తలకి ఎడమపక్క ఆనించి, "మీ కుడిచేతి వంక చూస్తూ ఉండండి," అంది. టక్. ఏమీ లేదు. కాస్త జరిపి, టక్. అమ్మమ్మ కుడి బొటనవేలు ఎవరో దారం కట్టి లాగినట్టు ఎగిరింది. ఆవిడ పిలవలేదు, లేవమనలేదు. దానంతటది లేచి పడుకుంది. వేలు ఎంత దెబ్బకి కదులుతుందో చూసి, దాన్నిబట్టి ఆ మనిషికి ఎంత బలం పెట్టాలో తేలుస్తారట, తీగచుట్ట రోజూ ఆనించాల్సిన చోట టోపీకి ఎడమపక్క గుర్తు పెడతారట. అమ్మమ్మ మాత్రం వేలినే చూస్తూ ఉండిపోయింది. కత్తెర పట్టే వేలు అది. మూడేళ్ళుగా తను లేపలేనిదాన్ని ఒక తీగచుట్ట లేపింది.

ఆ రోజు నుంచి రోజూ ఉదయం పది గంటలకి కుర్చీ, చెవుల్లో దూది బిరడాలు, తలమీద వడ్రంగి పిట్ట పొడిచినట్టు చప్పుడు. నాలుగు సెకన్లు టకటక, కాసేపు ఆగడం, మళ్ళీ టకటక. కాజా కాజాకీ ఆగి కుట్టే మిషను లెక్కే. ఇరవై నిమిషాలవగానే చేతికి కోటందించి పంపేసేవాళ్ళు. మొదటి వారం తలనొప్పి వచ్చింది, రెండో వారం పోయింది. తాతయ్య గోడకి క్యాలెండరు తగిలించి రోజుకో తేదీకి కండక్టరు చిల్లు పొడిచేవాడు. ఆ చిల్లులు పొడిచే పరికరం డిపోకి తిరిగివ్వాల్సింది, ఎందుకివ్వలేదో ఎవరూ అడగలేదు.

శుక్రవారం శుక్రవారం టక్‌టక్ అమ్మాయి కాగితం పట్టుకుని ప్రశ్నలడిగేది. పనుల మీద ఆసక్తి ఉందా, నిద్ర ఎలా ఉంది, మనసు నిలుస్తోందా. అన్నిటికీ అమ్మమ్మది ఒకటే జవాబు: "అలాగే ఉంది."

నాలుగో శుక్రవారం కూడా అలాగే ఉంది. ఇరవై అయ్యాయి, పది మిగిలాయి. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈపాటికి కొంచెమైనా కదలాలి. కొందరికి ఆలస్యంగా కదులుతుంది, కొందరికి కదలదు. సోమవారం కూర్చుని ఆలోచిద్దాం, ఆపాలా సాగించాలా అని," అంది. నెమ్మదిగానే చెప్పింది. అయినా తాతయ్య ముఖం వాడిపోయింది. ఇదీ కాకపోతే ఇంకేముందని ఆయన భయం.

బయటికొచ్చాక అమ్మమ్మే అంది, "చాలండి. సోమవారం వెళ్ళి ఆపేస్తున్నామని చెప్పేద్దాం."

"ఆఖరి స్టాపుదాకా టిక్కెట్టు కొనుక్కుని మధ్యలో దిగిపోతానంటావేమే?"

"బస్సు కదిలితే కదా దిగకుండా ఉండటానికి."

తాతయ్య బస్టాపు వైపు దారితీశాడు. ఈ గొడవలో ఇద్దరూ గమనించని సంగతి ఒకటుంది. కుర్చీలోంచి లేచిన అమ్మమ్మ టోపీ తియ్యకుండానే దానిమీద స్కార్ఫు చుట్టుకుని వచ్చేసింది. టోపీ అక్కడే పేరు రాసిన సంచిలో ఉండాలి.

శనివారం పొద్దున స్కార్ఫు మడతపెడుతుంటే టోపీ చేతికి తగిలింది. అద్దం ముందు పెట్టుకుని చూసింది. కుడి చెవి పైన ఎక్కడో లాగుతోంది. నాలుగు వారాల నుంచీ లాగుతూనే ఉంది, అందుకే అది రోజూ పక్కకి జరుగుతుంటే ఆ పిల్ల సర్దుతూ ఉండేది. తీసి, లోపలిది బయటికి తిప్పి చూసింది. కుట్టు ఒకచోట చీమలబారులా దట్టంగా, ఇంకోచోట అంగుళానికి మూడు. పైగా వంకర.

"ఎవడు కుట్టాడు దీన్ని, కాళ్ళతోనా?" అంది అమ్మమ్మ, ఎవరితోనూ కాదు.

సొరుగులోంచి కుట్లు విప్పే చిన్నకత్తి తీసింది. కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్క కుట్టే విప్పింది. దారం తెలుపు టోపీ తెలుపుతో కలవలేదని ఇంకో ఉండ వెతికింది. సుద్దతో గీత గీసి చేత్తోనే కుట్టసాగింది, పక్కపక్కనే, పొట్టి పొట్టిగా, ఎంత లాగినా తెగకుండా. మధ్యలో గుమ్మం దగ్గరికి తాతయ్య చెప్పులు వచ్చాయి. ఆగాయి. చాలాసేపు నిలబడ్డాయి. తర్వాత, ముందుకి జరగండని తప్ప ఇంకోమాట ఎరగని ఆ మనిషి చెప్పులు, చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగి వెళ్ళిపోయాయి.

కుట్టు పూర్తయ్యేసరికి పక్కనున్న టీ మీద మీగడ కట్టింది.

అయితే ఆదివారం మళ్ళీ గోడే. లేవలేదు, తినలేదు, మాట్లాడలేదు. సోమవారం కోటు తొడుక్కునేటప్పుడు కూడా ఆపేద్దామనే అమ్మమ్మ మనసులో ఉంది. టోపీ తిరిగిచ్చి చెప్పి వచ్చేద్దామని బయల్దేరింది.

టక్‌టక్ అమ్మాయి టోపీ అందుకుని ముందు సంతోషించింది. "హమ్మయ్య, మీ దగ్గరుందా. శుక్రవారం నుంచీ వెతుకుతున్నాను." తర్వాత దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. "అమ్మమ్మగారూ. ఏం చేశారు దీన్ని?"

"వంకర తీశాను. పక్కల వదులుంటే లోపలికి పట్టాను."

"గుర్తులు?"

"అవీ సరిచేశాను. ఎడమపక్కది ఎటో పోయి ఉంది, కుట్టుకి సమానంగా జరిపాను. కుడిపక్కన పెట్టడం మర్చిపోయినట్టున్నావు, అదీ పెట్టాను."

ఆ పిల్ల పేషెంట్లు కూర్చునే కుర్చీలోనే కూలబడింది. "ఎడమపక్క ఒక్కటే ఉండాలండీ."

"ఒక్క పక్కే ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్? భుజాలు రెండు, చేతులు రెండు, కాలరుకి కొసలు రెండు."

"జేబో?"

అమ్మమ్మ ఆలోచించింది. "జేబు ఒకటే," అని ఒప్పుకుంది.

"ఇది జేబనుకోండి."

"వేలెడు జరిగితే అంత మునిగిపోతుందా?"

"మీ కోసమని వచ్చి పక్కింటి తలుపు కొట్టినట్టండీ. మీరు లేవరు, ఇంకెవరో లేస్తారు."

డాక్టరమ్మకి కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు గుర్తుల్నీ చూసి పెదవి బిగబట్టింది, కుట్టుమీద వేలితో రాసింది. అప్పుడు శుక్రవారంనాటి కాగితం తెప్పించుకుంది.

"పనుల మీద ఆసక్తి ఏమీ లేదు, మనసు దేనిమీదా నిలవదు. ఇవి ఎవరు చెప్పారు?"

"నేనే."

"మరి ఇది ఎవరు కుట్టారు?"

"నేనే. అది పనేం కాదమ్మా. వంకరగా ఉంటే చూడలేక."

"ఎంతసేపు పట్టింది?"

అమ్మమ్మకి తెలియలేదు. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "తొమ్మిదింటికి కూర్చుంది. నేను టీ పెట్టి వెళ్ళి, పన్నెండున్నరకి చూస్తే ఇంకా కుడుతోంది. లేపితే మానేస్తుందేమోనని లేపలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, దిష్టి తగులుతుందని."

"ఆదివారం?"

"ఆదివారం ఏమీ లేదు," అంది అమ్మమ్మ. "మళ్ళీ మామూలే."

డాక్టరమ్మ కాగితం మడిచి పక్కన పెట్టింది. "మూడేళ్ళలో మీకు ఏదైనా చూస్తే చిరాకు రావడం ఇదే మొదటిసారి కదా. నేను సంతోషం వస్తుందేమోనని కాగితంలో వెతుకుతున్నాను. మీకు ముందు చిరాకు వచ్చింది. ఇది నిలుస్తుందో లేదో నాకు తెలీదు. మిగతా పదీ చేసి చూడాలని నాకుంది. కానీ మీరు ఆపమంటే ఆపుతాను."

గదిలో అందరూ అమ్మమ్మనే చూశారు. అమ్మమ్మ టోపీని చూసింది. మూడున్నర గంటలు. అంతసేపు గోడ గుర్తు రాలేదన్న సంగతి ఆవిడకి అప్పుడే తట్టింది.

"మళ్ళీ కొలవాలా?" అంది.

"మొదటి నుంచీ. బొటనవేలుతో సహా."

"అయితే టేపు సరిగ్గా పట్టుకోమను. ఆ పిల్లకి వెనకవైపు మెలిపడుతుంది."

టక్‌టక్ అమ్మాయి ఈసారి టేపు చుట్టి, కళ్ళలోకి చూస్తూ, "వేలు పెట్టమంటారా?" అని అడిగింది. తాతయ్య చెప్పుంటాడు ఆ సంగతి.

"తలకి వద్దులే. తల ఊపిరి పీల్చదు."

అమ్మమ్మ కుట్టిన టోపీ మీదే కొత్త గుర్తు పడింది, ఎడమపక్క ఒకటే. దొంగ గుర్తులు రెండూ చెరిపేశారు. టక్. కుడి బొటనవేలు ఎగిరింది. "ఆఁ, ఇదిగో," అంది అమ్మమ్మ, చాలా రోజులకి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు.

మిగిలిన పదిరోజులూ సాఫీగా పోలేదు. ఐదో వారం బుధవారం తాతయ్య ఆవిణ్ణి బస్సెక్కించడానికి గంట బతిమాలాల్సి వచ్చింది. కానీ ఆ శుక్రవారం కాగితం తీయగానే అమ్మమ్మ ఎదురుతిరిగింది. "ఆకలి తగ్గిందా పెరిగిందా అని రెండూ ఒకే ప్రశ్నలో అడుగుతారేం? తగ్గినవాళ్ళూ పెరిగినవాళ్ళూ ఒకే గడిలో టిక్కు పెడితే నీకేం తెలుస్తుంది? ఎవరు కుట్టారిది?" ఆ పిల్ల నవ్వాపుకుంటూ గడుల్లో టిక్కులు పెట్టింది. ఈసారి అన్నీ ఒకే వరసలో పడలేదు.

ముప్పయ్యో రోజున డాక్టరమ్మ, మాత్రలు మానొద్దంది, మళ్ళీ తిరగబెట్టొచ్చంది, అప్పుడు మళ్ళీ రమ్మంది. "ఊడితే మళ్ళీ కుట్టుకోవడమే కదా," అంది అమ్మమ్మ. ఇంటికొస్తూనే కోతి చెవి పట్టుకుంది. చొక్కాకి రెండో గుండీ ఊడి ఎన్నాళ్ళయింది, సిగ్గు లేదూ అని. కోతి చెవి ఎర్రగా కందిపోయింది. అది ఆ ఎర్రచెవితోనే ఇద్దరు పక్కింటివాళ్ళకి ఈ వార్త చెప్పి వచ్చింది.

తర్వాతి సోమవారం అమ్మమ్మ కొట్టు తెరిచింది. మూడేళ్ళ దుమ్ము తాతయ్య దులిపాడు, అయస్కాంతాన్ని షికారు తిప్పాడు. పదకొండింటికి కిటికీలో గోధుమరంగు బూట్లు కనిపించాయి, ఒక లేసు తెగి ముడేసినవి. మామూలుగా నెలకోసారి దిగే మెట్ల దగ్గర ఆగి, తెరిచున్న తలుపుని చూసి, నమ్మకం లేనట్టు దిగాయి.

"తొందరేం లేదమ్మా," అన్నాడు పోస్టుమాన్, అలవాటు కొద్దీ.

"తొడగండి."

ఒంటిచేతి కోటు తొడుక్కుని నిలబడ్డాడాయన. గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. ఆయన నెమ్మదిగా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగాడు.

"వదలండి," అంది అమ్మమ్మ, నోట్లో మూడు గుండుసూదులు పెట్టుకుని. "ఒక చెయ్యి అతికితే అయిపోతుందనుకున్నాను. మీరేమో ఈ మూడేళ్ళలో చేతులు తప్ప అన్నీ పెంచారు. ఇప్పుడు కోటంతా విప్పాలి."

"విప్పుతారా మరి?"

"విప్పకపోతే ఇలాగే తిరుగుతారా?"

నడుం చుట్టూ టేపు తిప్పింది. దాని కింద వేలు పెట్టింది. మూలకుర్చీలోంచి తాతయ్య, పట్టలేక, "ముందుకి జరగండి, ముందుకి జరగండి," అన్నాడు.

"మీరు నోరు మూసుకుని కూర్చుంటారా, లేదా?" అంది అమ్మమ్మ.

తాతయ్య నోరు మూసుకున్నాడు. అంత సంబరంగా నోరు మూసుకున్న మనిషిని పోస్టుమాన్ తన ఉద్యోగంలో ఏ ఇంట్లోనూ చూడలేదట.